1/35 టైగర్‌ను కుర్స్క్ బండిగా కట్టాలంటే: ఎక్కడ పట్టుబట్టాలి, ఎక్కడ వదిలేయాలి

ప్రశ్న ఇదీ: చేతిలో 1/35 టైగర్-1 కిట్ ఉంది, అంటే రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకును 35వ వంతుకు కుదించిన ప్లాస్టిక్ మోడల్. ఇప్పటిదాకా విమానాలే కట్టారు, ట్యాంకు ఇదే మొదటిది. 1943 జులై, రష్యాలోని కుర్స్క్ యుద్ధం నాటి బండిగా చూపించాలని ఉంది. జిమ్మరిట్ (మైన్లు అంటుకోకుండా కవచం మీద పూసే పేస్టు) పూయాలా? మెటల్ బ్యారెల్ (తుపాకి గొట్టం), ఫొటో-ఎచ్ (పలచటి ఇత్తడి రేకు భాగాల) సెట్టు కొనాలా? "కరెక్ట్"గా ఉండాలంటే ఎంత దూరం వెళ్లాలి?

ముందు పొట్టి జవాబు. జిమ్మరిట్ వద్దే వద్దు. మెటల్ బ్యారెల్ మీ ఇష్టం. ఫొటో-ఎచ్‌లో ఇంజన్ డెక్ జల్లెడలు మాత్రం కొనండి, మిగతా సెట్టు లేకపోయినా లోటేమీ లేదు. ఆ డబ్బుతో ఒక డిజిటల్ కాలిపర్ కొనుక్కుంటే వచ్చే పది కిట్లకు పనికొస్తుంది.

ఇక పొడుగు జవాబు.

టైగర్-1 అనేది ఒక్క బండి కాదు. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా కాసెల్‌లోని హెన్షెల్ ఫ్యాక్టరీలో 1,340కి పైగా తయారయ్యాయి. ఈ రెండేళ్లలో దాదాపు ప్రతి నెలా ఏదో ఒకటి మారింది. బాక్సు మీద రాసే "ఎర్లీ", "మిడ్", "లేట్" కిట్ కంపెనీలు పెట్టుకున్న పేర్లు, ఫ్యాక్టరీలో ఎవరూ ఆ మాట అనలేదు. అందుకే "ఇది ఎర్లీనా మిడ్డా" అని అడగకండి, "ఈ భాగం ఏ నెలది" అని అడగండి. మోడల్ మీద కనిపించే పెద్ద తప్పులన్నీ కొలత తప్పులు కావు, తేదీ తప్పులు. చక్రం అర మిల్లీమీటరు చిన్నదైతే ఎవరి కంటా పడదు. 1943 చివర్లో వచ్చిన భాగం జులై బండి మీద ఉంటే గది అవతలి నుంచే తెలిసిపోతుంది.

కుర్స్క్‌లో దిగిన బండ్లు అంతకు ముందే ఫ్యాక్టరీ దాటినవి. 503వ ట్యాంకు బెటాలియన్‌కు తొలి టైగర్లు 1942 చివర్లోనే అందాయి, మిగతా యూనిట్లలో చాలావాటికి ఆ తర్వాతి నెలల్లో. దీన్నిబట్టి మీ బండి మీద ఏం ఉండాలో తేలుతుంది.

టరెట్ (తిరిగే తుపాకి గోపురం) పైన కమాండర్ కుపోలా (చుట్టూ చూసే గూడు) డ్రమ్ములా నిటారుగా ఉండాలి, చుట్టూ ఐదు చూపు చీలికలు. ఏడు పెరిస్కోపులున్న పోత కుపోలా ఫ్యాక్టరీలో మొదలైందే 1943 జులైలో, అది ఆ యుద్ధానికి అందదు. చక్రాలకు రబ్బరు టైర్లు ఉండాలి, ఉక్కు చక్రాలు 1944 ఫిబ్రవరి సంగతి. హెడ్‌లైట్లు రెండు, హల్ (టరెట్ కింది బండి ఒళ్లు) ముందు పైభాగంలో ఇరుపక్కలా. వెనక ఫైఫెల్ ఎయిర్ క్లీనర్లు, వాటి నుంచి డెక్ మీదికి పోయే గొట్టాలు ఉండొచ్చు, ఫ్యాక్టరీ వాటిని 1943 అక్టోబరు ప్రాంతంలో మానేసింది. టరెట్ కుడి వెనకవైపు గుండ్రటి ఎస్కేప్ హాచ్, ఎడమ వెనకవైపు పిస్టల్ పోర్ట్.

టరెట్ పక్కల మూడేసి పొగగుండు గొట్టాలు మాత్రం చిక్కు వ్యవహారం. శత్రువు తుపాకి తూటాలు తగిలి అవే పేలి, సొంత సిబ్బందికే దారి కనిపించకుండా పోతోందని ముందు వరస నుంచి రిపోర్టు వెళ్లాక జూన్‌లో వాటిని ఆపేశారు. కాబట్టి కుర్స్క్ బండ్లలో కొన్నిటికి ఉన్నాయి, కొన్నిటికి లేవు. మీరు ఎంచుకున్న టరెట్ నంబరు ఫొటో చూసి తేల్చుకోవాల్సిందే. ఫొటో లేకపోతే నంబరు మార్చుకోండి, ఊహించి అతికించకండి.

కొత్తవాళ్లు తప్పకుండా పప్పులో కాలేసే చోటు ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టీ. కిట్లలో ఇచ్చే ట్రాకుల్లో ప్రతి లింకు ముఖం మీదా బాణం మొన ఆకారంలో చిన్న గట్లు ఉంటే అది మీ బండికి పనికిరాదు. మంచు మీద జారకుండా ఆ గట్లు పెట్టింది 1943 అక్టోబరు ప్రాంతం నుంచి. జులై బండికి నున్నటి అడ్డ గట్ల ట్రాకే ఉండాలి. కిట్‌లో రెండు రకాలూ ఇస్తే సంతోషం, ఒకటే ఇస్తే ముందు అదేదో చూడండి. ఈ ఒక్క విషయంలో తప్పు జరిగితే మిగతా శ్రమంతా గాలికి పోయినట్టే, ఎందుకంటే ట్రాక్ ముఖం ముందూ వెనకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మ్యూజియం బండి ఫొటోల మీద పూర్తిగా ఆధారపడొద్దు. అందరూ చూసేది బ్రిటన్‌లోని బోవింగ్టన్‌లో ఉన్న టైగర్ 131. అది 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో దొరికిన బండి. నిర్మాణం, వెల్డింగు, మరల తలలు, హాచ్ లోపలి వైపు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ అది ఆఫ్రికా బండి, పైగా దశాబ్దాల మరమ్మతు చూసింది. ఇవాళ దాని ఒంటి మీదున్న రంగు మ్యూజియం వేయించిన రంగే. రంగుకు, మడ్‌గార్డు రేకులు ఎక్కడెక్కడ ఊడిపోయాయో చూడటానికి ఆ నాటి ఫొటోలే సాక్ష్యం.

ఇక కొలతలు. 35తో భాగించడం అలవాటు చేసుకోండి, సగం సందేహాలు అక్కడే తీరతాయి. గొట్టం ముందుకు పెట్టి చూస్తే అసలు బండి పొడవు 8.45 మీటర్లు, మోడల్‌లో 241 మి.మీ. గొట్టం లేకుండా హల్ 6.316 మీటర్లు, అంటే 180.5 మి.మీ. చక్రం వ్యాసం 800 మి.మీ., మోడల్‌లో 22.9. యుద్ధపు ట్రాక్ వెడల్పు 725 మి.మీ., మోడల్‌లో 20.7. రైలు ప్రయాణానికి వేసే సన్న ట్రాక్ 520 మి.మీ., అది 14.9. గొట్టం లోపలి రంధ్రం 88 మి.మీ., మోడల్‌లో 2.5. కాలిపర్ పెట్టి ఈ ఆరూ చూడండి. హల్ పొడవులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే వదిలేయండి, అది అర శాతం. ఆ మిల్లీమీటరు కోసం హల్ కోసి అతికించేవాళ్లున్నారు. అలా చేశాక అతుకు వంకర ఎంత కనబడుతుందంటే, అసలు తప్పే నయమనిపిస్తుంది.

లెక్క అసలు ఉపయోగపడేది పెద్ద కొలతల్లో కాదు, రేకు మందంలో. కిట్‌లో పక్క మడ్‌గార్డు మందం కొలిస్తే 0.7 నుంచి 0.8 మి.మీ. దాకా వస్తుంది. 0.8ని 35తో గుణించండి: 28 మి.మీ. ఆ బండి టరెట్ పైకప్పు కవచమే 25 మి.మీ. అంటే చేత్తో వంచగలిగే రేకు, మోడల్ మీద కవచం కంటే దళసరిగా కూచుంది. ట్యాంకు మోడల్ "బొమ్మలా" కనబడటానికి మొదటి కారణం ఇదే. రంగులో ఏ మాయా దీన్ని దాచలేదు.

దీనికి రెండు దారులు. మడ్‌గార్డు మొత్తం పలచబరచక్కర్లేదు, కనిపించేది అంచే. భాగాన్ని తిరగేసి, లోపలి వైపు అంచు నుంచి 3 మి.మీ. లోపలికి పెన్సిలుతో గీత గీయండి. గుండ్రటి బ్లేడును దాదాపు నిలువుగా పట్టుకుని, ఆ గీత నుంచి అంచు వైపు గీకుతూ రండి. తవ్వకండి, తురమండి. ఏటవాలుగా దిగుతూ అంచు దగ్గర 0.2 మి.మీ. మిగలాలి. చివర్లో 600, తర్వాత 1000 నంబరు వాటర్ పేపరుతో రెండు రుద్దులు. వెలుతురుకు ఎదురుగా పెడితే అంచు కాస్త పారదర్శకంగా కనబడాలి, అదే గురుతు. ఒక్కో ముక్కకు ఇరవై నిమిషాలు పడుతుంది. రెండో దారి 0.1 మి.మీ. ఇత్తడి రేకు కత్తిరించి పెట్టడం. వంపులు, సొట్టలు చూపించాలనుకుంటే ఇత్తడే సుఖం: ప్లాస్టిక్ విరుగుతుంది, ఇత్తడి వంగుతుంది. అయినా మొత్తం మడ్‌గార్డులు ఇత్తడితో చేయక్కర్లేదు. సొట్ట పెట్టాలనుకున్న ముందు ముక్క ఒక్కటి చాలు. ఆ కాలపు ఫొటోల్లో చాలా బండ్లకు ఒకటి రెండు పక్క ముక్కలు ఊడిపోయి ఉంటాయి. ఊడిన చోట హల్ పక్కన బిగింపు మరల జాడలు వేయడం మరిచిపోవద్దు.

కవచం ఉపరితలం గురించి విమానాలు కట్టేవాళ్లకు తెలియాల్సింది ఒకటుంది. అక్కడ మీరు ప్యానెల్ గీతలకు అలవాటు పడ్డారు, ఇక్కడ అవి లేవు. టైగర్ హల్ రోలింగ్ చేసిన పలకలతో కట్టింది, ముందు 100 మి.మీ., పైపక్కలు 80. పలకలు ఒకదాన్నొకటి పళ్లలా పట్టుకునే అతుకు, దాని మీద వెల్డింగు. రోలింగ్ పలక నున్నగా ఉంటుంది. అసలు దాని మీద ఒక మిల్లీమీటరు ఎగుడుదిగుడు ఉన్నా మోడల్‌లో అది 0.03 మి.మీ., రంగు పొర మందమంత. కాబట్టి పుట్టీ పొడిచి హల్ అంతటా గరుకు చేయడం తప్పు. గరుకు ఉండాల్సింది గన్ మ్యాంట్లెట్ (గొట్టం మొదట్లో ఉండే కవచం) మీద, అది పోత భాగం. మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమరును పాత గట్టి కుంచెతో పొడిచి, ఆరాక 800 నంబరు వాటర్ పేపరుతో ముప్పాతిక భాగం తీసేయండి. తీయకపోతే నారింజ తొక్కలా ఉంటుంది.

వెల్డింగు గీతలు కిట్‌లో లేకుంటే ఇలా. స్ప్రూ (కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కను కొవ్వొత్తి పైన తిప్పుతూ మెత్తబడ్డాక లాగి 0.3 మి.మీ. తీగ చేయండి. అతుకు మీద పెట్టి పలచటి లిక్విడ్ సిమెంటు తాకించండి. రెండు నిమిషాలాగి మళ్లీ తాకించండి, ఇప్పుడు మెత్తబడింది. బ్లేడు మొద్దు మొనతో అర మిల్లీమీటరు చొప్పున, కాస్త వాలుగా నొక్కుతూ పోండి. అన్నీ ఒకే దూరంలో నొక్కితే కుట్టుమిషన్ కుట్టినట్టుంటుంది, అక్కడక్కడ తడబడాలి. ముందే మెత్తబడకుండా నొక్కితే తీగ తెగుతుంది. సిమెంటు ఎక్కువైతే గీత కరిగి చదునైపోతుంది. చదునైతే ఆరనిచ్చి మళ్లీ కొత్త తీగ, గీకి సరిచేయబోవద్దు.

చక్రాల దగ్గర ఓపిక కావాలి. ఇరుసుకు మూడేసి చొప్పున, ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులకు 24 చక్రాలు, మొత్తం 48. ఒకదాని సందులోకి ఒకటి దూరిపోయి ఉంటాయి. హల్‌కు చక్రాలు మోసే ఆర్ములు అతికించేటప్పుడు ఒక పక్కవి ముందుకూ రెండో పక్కవి వెనక్కూ తిరిగి ఉన్నాయని కంగారు పడకండి, అసలు బండి డిజైనే అంత. అన్నీ ఒకే మట్టంలో ఉండటం ముఖ్యం. సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే హల్‌ను అద్దం ముక్క మీద పెట్టి, అంచు చక్రాలు నాలుగు దూర్చి, ప్రతి ఆర్ము చివర కిందా సమాన మందం అట్ట ముక్క దూర్చి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఇరుసు 0.5 మి.మీ. పైకి లేచినా, ఆ చక్రం గాల్లో వేలాడుతూ 57 టన్నుల బండి పేపరు బొమ్మలా తేలిపోతుంది.

రంగు మాత్రం చక్రాలు ఎక్కించక ముందే వేయాలి, ఎక్కించాక కుంచె లోపలికి పోదు. ప్రతి చక్రం వెనక పెన్సిలుతో నంబరు రాయండి: 1-లోపల, 1-మధ్య, 1-బయట, అలా. టైరు రంగు వేయడానికి గుండ్రటి రంధ్రాల స్టెన్సిలు స్కేలు సరిగ్గా పనికొస్తుంది. టైరు వేసిన చక్రం మీద రిమ్ సైజు రంధ్రం పెట్టి మధ్య భాగం స్ప్రే చేస్తే కుంచె పని మిగలదు. టైరు రంగు పూర్తి నలుపు కాదు, ముదురు బూడిదలో కొద్దిగా గోధుమ. బయటి వరస అతికించకుండా దూర్చి ఉంచండి, ట్రాక్ తొడిగేటప్పుడు తీయాల్సి వస్తుంది.

ట్రాక్ ఒక్కో పక్కకు 96 లింకులు. లింకు పొడవు 130 మి.మీ., కాబట్టి మొత్తం 12.48 మీటర్లు, మోడల్‌లో 357 మి.మీ. లింకు-లింకు సెట్టు తొడిగాక 95కే బిగుసుకుంటే లేదా 98 దాకా పోతే తప్పు ట్రాకుది కాదు, ఐడ్లర్ (ట్రాక్ బిగించే వెనక చక్రం) చోటుదో ఆర్ముల మట్టానిదో. అక్కడ సరిచేయండి. ముందున్న స్ప్రాకెట్ (ట్రాక్‌ను లాగే పళ్ల చక్రం) దాటాక పై పరుగు కాస్త కుంగి మొదటి చక్రాల మీద ఆనుతుంది. ఆ కుంగు లేకుండా తీగలా బిగించి పెట్టిన ట్రాక్, ముఖ్యంగా రబ్బరు ట్రాక్, బరువునంతా పోగొడుతుంది. రబ్బరుదే వాడాల్సి వస్తే చక్రాల పైన కనబడని చోట సూపర్‌గ్లూ చుక్క వేసి, ఆరేదాకా దూది ఉండ కుక్కి కిందికి అదిమి పెట్టండి.

ఇప్పుడు ఫొటో-ఎచ్. దీని మందం సాధారణంగా 0.15 మి.మీ., అసలులో 5 మి.మీ. రేకు. అంటే రేకుతో చేసిన వాటికి అది దివ్యంగా సరిపోతుంది: జల్లెడ, పెట్టె మూత, ఎగ్జాస్టు గొట్టాల చుట్టూ ఉండే రేకు కవచం. గుండ్రంగా ఉండాల్సిన వాటికి మాత్రం వాడొద్దు. చదునైన ఇత్తడిలో కోసిన పార పిడి, రెక్క మర, పిడి వంపు అన్నీ అప్పడాల్లా ఉంటాయి. సెట్టులో ఇచ్చారు కదా అని పెట్టి, బాగా ఉన్న ప్లాస్టిక్ భాగాన్ని పారేయడం కనిపించేదే. ప్లాస్టిక్ పిడి తీసి 0.5 మి.మీ. రాగి తీగ వంచి పెడితే దాన్ని మించింది లేదు. ఇత్తడి వంచే ముందు ముక్కను లైటరు మంట మీద రంగు మారేదాకా పట్టి చల్లారనిస్తే మెత్తబడి చెప్పిన మాట వింటుంది, లేకుంటే వంచిన చోటు నుంచి వెనక్కి తన్నుతుంది. జల్లెడకు ఈ పని చేయకండి, చదునుగా ఉండాల్సింది అలలు పోతుంది.

మెటల్ బ్యారెల్ విషయం. రెండు సగాలుగా ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టం అతుకు రుద్దేటప్పుడు ఆ పక్కలు రెండూ 0.1 మి.మీ. చొప్పున అరిగిపోయి గొట్టం కోడిగుడ్డు ఆకారం అవుతుంది. దాన్ని ఆపడానికి చుట్టూ వాటర్ పేపరు చుట్టి, బూట్లు పాలిష్ చేసినట్టు ముందుకూ వెనక్కూ లాగాలి. అది చేతనైతే మెటల్ అక్కర్లేదు. మజిల్ బ్రేక్ (గొట్టం మూతి దగ్గరి ఉబ్బు భాగం) మాత్రం చూసుకోండి: 1944లో చిన్నది, తేలికది వచ్చింది. మీకు కావాల్సింది పెద్దది. మూతి రంధ్రాన్ని 2.5 మి.మీ. వ్యాసం వచ్చేదాకా, లోతుగా తొలవండి. ముందు 1 మి.మీ. డ్రిల్లుతో మొదలెట్టండి, ఒక్కసారే పెద్దది పెడితే అంచు చిట్లుతుంది.

తాళ్లు. హల్ పైన ఇరుపక్కలా పడుకోబెట్టిన లాగుడు తాళ్లు కిట్‌లో ప్లాస్టిక్‌వే, మీద అచ్చు గీత కూడా ఉంటుంది. అసలు తాడు మందం 32 మి.మీ., మోడల్‌లో 0.9. దీనికి ఖరీదైన సెట్టు కొనొద్దు. మోటారు వైండింగు షాపులో 30 గేజ్ రాగి తీగ అడగండి, అది 0.3 మి.మీ. ఉంటుంది. ఏడు పోగులు తీసుకోండి, మధ్యలో ఒకటి చుట్టూ ఆరు. మూడు 0.3లు 0.9, లెక్క సరిగ్గా కుదురుతుంది. ముందు మంటలో కాల్చండి: తీగ మీది వార్నిష్ పోతుంది, తీగా మెత్తబడుతుంది. 30 సెం.మీ. పోగులు ఒక చివర వైస్‌లో బిగించి, రెండో చివర చేతి డ్రిల్ చక్‌లో పెట్టి మెల్లగా తిప్పండి. లాగుతూ తిప్పాలి, వదులైతే మధ్య పోగు బయటికి పొడుచుకొస్తుంది. చివరల కన్నాలు కిట్‌వే వాడండి: తాడు కోసేసి 0.9 డ్రిల్లుతో 3 మి.మీ. లోతు తొలిచి సూపర్‌గ్లూతో దూర్చండి. ఎడమ పక్కన హల్ గోడకు ఉండే ట్రాక్ మార్చే సన్న తాడు వేరు: 14 మి.మీ. మందం, 15 మీటర్ల పొడవు. మోడల్‌లో 0.4 మందం, 43 సెం.మీ. పొడవు. 36 గేజ్ తీగ మూడు పోగులు పేనితే అంత వస్తుంది. ఫైఫెల్ గొట్టాలకు కూడా ఇదే దారి: కిట్ గొట్టం మందం కొలిచి, అంతకు 0.4 మి.మీ. తక్కువ మందం ఉన్న మెత్తటి సోల్డర్ తీగ మీద 36 గేజ్ తీగ ఒత్తుగా చుట్టండి. 0.2, 0.2 రెండు పక్కలా కలిసి లెక్క సరిపోతుంది. సోల్డర్ ఎటు వంచితే అటు నిలుస్తుంది.

రంగు. 1943 ఫిబ్రవరి నుంచి మూల రంగు డుంకెల్‌గెల్బ్ (ముదురు పసుపు), జర్మన్ రంగుల పట్టికలో రాల్ 7028. దాని మీద రాల్ 6003 ఆలివ్ ఆకుపచ్చ, రాల్ 8017 ఎరుపు గోధుమ. ఆ రెండూ యూనిట్లకు పేస్టు డబ్బాల్లో వచ్చేవి, సిబ్బంది పెట్రోలుతోనో నీళ్లతోనో కలుపుకుని చల్లేవాళ్లు. ఎవరి పలచన వాళ్లది, అందుకే పక్కపక్క బండ్లలో కూడా ఒకే ఛాయ ఉండదు. కాబట్టి రంగు నంబరు మీద గంటలు వాదించడం దండగ. టమియా ఎక్స్‌ఎఫ్-60ని తెలుపు పది శాతం కలిపి వాడితే ఆ సైజుకు సరిపోతుంది, అచ్చంగా వేస్తే మోడల్ ముదురుగా కనబడుతుంది. అంచు మెత్తదనం మీద మాత్రం వాదించండి. అసలు చల్లిన చార అంచు రెండు మూడు సెంటీమీటర్లలో కలిసిపోతుంది, మోడల్‌లో అది ఒక మిల్లీమీటరు లోపే. 0.2 సూది ఎయిర్‌బ్రష్, 10-12 పీఎస్‌ఐ, రంగు ఒక పాలు, థిన్నరు రెండు పాళ్లు, మొన ఉపరితలానికి ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో. అంచు పొగలా నాలుగైదు మిల్లీమీటర్లు పాకితే అది విమానం కామఫ్లాజ్ అవుతుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్లకు వానాకాలంలో ఇంకో ముప్పు. లాకర్ వార్నిష్ తెల్లగా పాలుగట్టినట్టు అయిపోతుంది. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాల్లో తేమ దాని మీద దిగుతుంది, అదే ఆ తెలుపు. గాల్లో తేమ 75 శాతం దాటితే లాకర్ ఎత్తొద్దు. పొరపాటున తెల్లబడితే గీకకండి, రిటార్డరు (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిసిన లాకర్ థిన్నరు ఒక్క పలచటి పొర చల్లితే పొర మళ్లీ కరిగి తేమ వెళ్లిపోతుంది, తొంభై శాతం దాకా బాగవుతుంది. హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో కథ తిరగబడుతుంది: రంగు సూది మొన మీదే ఎండిపోతుంది. అప్పుడు కూడా రిటార్డరే మందు, కప్పుకు రెండు చుక్కలు. పెయింట్ షాపు ఎన్‌సీ థిన్నరు ఎయిర్‌బ్రష్ కడగడానికే, మోడల్ మీద పడితే ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

పాతబడినట్టు చూపడంలో అతి వద్దు. కుర్స్క్ బండికి వయసు నెలల్లోనే ఉంది, తుప్పు చారలకు వేళ కాలేదు. పెచ్చులు ఊడాల్సింది మనుషులు ఎక్కే చోట, హాచ్ అంచుల్లో, పనిముట్లు రాసుకునే చోట మాత్రమే. ఊడిన చోట కనిపించేది ఎర్ర ప్రైమరు, ఆ తర్వాతే ముదురు ఉక్కు. ట్రాక్ నారింజ రంగు తుప్పులో ముంచొద్దు. నడిచే బండి ట్రాక్ నేల తాకే చోట మెరుస్తుంది, మిగతాది మట్టి.

ఆ మట్టి కూడా ఏదో ఒకటి కాదు. కుర్స్క్ చెర్నోజెమ్ నేల, మన నల్లరేగడి లాంటి నల్ల నేలే. తడిస్తే దాదాపు నలుపు, ఎండి దుమ్మయితే బూడిద గోధుమ. ఎర్ర మట్టి పూసిన కుర్స్క్ టైగర్లు చాలా కనబడతాయి, అవి ఖమ్మం గుట్టల్లో తిరిగినట్టుంటాయి. ఆ జులైలో వానలూ పడ్డాయి, కాబట్టి పైన లేత దుమ్ము, కింద చక్రాల సందుల్లో నల్ల బురద రెండూ న్యాయమే. పొడి పిగ్మెంటును మ్యాట్ వార్నిష్‌తో కాకుండా పిగ్మెంట్ ఫిక్సరుతో పట్టించండి. వార్నిష్ తగిలితే దుమ్ము మాయమై బురదలా కనబడుతుంది.

జిమ్మరిట్ ఎందుకు వద్దో ఒక మాట. అయస్కాంతపు మైన్లు అంటుకోకుండా పూసిన ఆ పేస్టు ఫ్యాక్టరీలో బండ్ల మీదికి ఎక్కిందే 1943 ఆగస్టు, సెప్టెంబరు నాటికి. రేపు 1944 నార్మండీ బండి కడితే అది తప్పనిసరి. అప్పుడు ఎం-సీల్ చింతగింజంత ముద్దలుగా కలుపుకోండి, ఎండల్లో పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది కనుక పెద్ద ముద్ద కలిపితే సగం పారేయాల్సిందే. టాల్కం పౌడర్ చల్లిన పాలిథిన్ మధ్య 0.2 మి.మీ. దాకా వత్తి, భాగం మీద పరిచి, తడిపిన రేజర్ రంపం ముక్క పళ్లతో అడ్డంగా నొక్కుతూ పోవాలి. పళ్లకు నీళ్లు ఆరితే పొర మొత్తం లేచి వస్తుంది. కవచం నిలువు ముఖాల మీదే పూయాలి, పైకప్పు మీద, గొట్టం మీద కాదు.

టరెట్ నంబర్ల డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మ) మ్యాట్ రంగు మీద నేరుగా వేస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. ముందు మెరిసే వార్నిష్ పొర వేయండి, ఆరాక డెకాల్ వేసి, సెట్టింగ్ లిక్విడ్ రెండు సార్లు పట్టించండి. టరెట్ పక్క వంపు మీద బుడగలొస్తే సూదితో పొడిచి మళ్లీ లిక్విడ్ రాయండి.

ఏంటెనా రెండు మీటర్ల కడ్డీ, మోడల్‌లో 57 మి.మీ. లాగిన స్ప్రూతో చేస్తే పైకి పోనుపోను సన్నబడుతుంది, ఉక్కు తీగతో అలా రాదు. అన్నిటికన్నా చివర, మోడల్ షెల్ఫులో పెట్టాకే అతికించండి. లేకుంటే వార్నిష్ వేసేటప్పుడే విరుగుతుంది.